కిరీటం పెట్టుకున్న తెగులు

కరోనా ఏడాది మా ఆదివారపు ఆరాధన ఫోనులోకి వచ్చింది. ఎవరి ఇంట్లో వాళ్ళం కూర్చుని పాడేవాళ్ళం. ఒకరి గొంతు ఒకరికి కలిసేది కాదు. ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక, మా సంఘంలోనే పుట్టి పెరిగిన ఒక డాక్టరమ్మను పాస్టరుగారు మాట్లాడమన్నారు. ఆమె తేటగా చెప్పింది. ఈ వైరస్ ఒంటి చుట్టూ ముళ్ళుంటాయి, చూస్తే కిరీటంలా ఉంటుంది, అందుకే దానికి ఆ పేరు. మన రక్తంలో టీ కణాలని ఉంటాయి, అవి వైరస్ ప్రోటీను ముక్కను గుర్తుపట్టి అది దాక్కున్న కణాన్ని చంపుతాయి. కిరీటం అన్న మాట ఆమె మూడుసార్లు అంది. చివర అందరూ స్తోత్రం అన్నారు.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇదే మాట అన్నందుకు ఎనభయ్యో దశకంలో మా పెనుకొండ సంఘం ఒక మనిషిని ప్రభు బల్లకు, అంటే నెలకోసారి రొట్టె పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టింది. ఆ తీర్మానం రాసిన చెయ్యి నాది. అప్పుడు నేను మిషను బడిలో ఉపాధ్యాయుణ్ణి, ఊరి మాటలో అయివారిని, సంఘానికి కార్యదర్శిని. ఆయన పేరు ఇక్కడ రాయను. సంఘం పుస్తకంలో ఒకసారి రాశాను, అది చాలు.

హిందూపురం పశువుల ఆసుపత్రిలో ఆయన కాంపౌండరు. డెబ్భైల్లో నేను ఉద్యోగానికి పెనుకొండ వచ్చేటప్పటికే అందరూ ఆయన్ను కోళ్ళ కాంపౌండరు అంటున్నారు. ఎద్దులకు మందు పోసేవాడు, గొర్రెలకు సూది వేసేవాడు. పేరు మాత్రం కోళ్ళ వల్లే వచ్చింది. కాపురం పెనుకొండలోనే, పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేవాడు. స్టేషన్లో పెట్టిన సైకిలు హేండిలుకు ఒక పెద్ద ఫ్లాస్కు తగిలించుకుని ఊళ్ళోకి దిగేవాడు. అందులో ఐసుముక్కల మధ్య, కోళ్ళకు వచ్చే కొక్కెర తెగులు టీకా సీసాలుండేవి. ఆ సంగతి తెలియని కొత్త పోర్టరు ఒకడు ఒకరోజు అడ్డం వచ్చాడు.

"ఏమన్నా, ఒక గుక్క టీ పొయ్యి. చలికి చస్తాండా."

"పోస్తా గానీ అబ్బా, తాగినంక గుడ్లు పెట్టాల్సొస్తాది. చూసుకో మల్ల."

కోళ్ళతో ఆయన కన్నడంలో మాట్లాడేవాడు. కోడిని చంకలో ఇరికించుకుని, దాని తల తన గడ్డం కింద పెట్టుకుని, "ఏనాయ్తమ్మా, ఏనాయ్తు" అని, ఏమైందమ్మా అన్నట్లు, అడిగేవాడు. హిందూపురంలో కన్నడం అందరికీ వస్తుంది, వింత కాదు. కానీ ఆయన మనుషులతో ఎప్పుడూ కన్నడం మాట్లాడేవాడు కాదు. ఎందుకని అడిగితే, "తెలుగులో అడిగితే సంఘమంతా జవాబు చెప్తాది. కన్నడంలో అడిగితే కోడి ఒక్కటే చెప్తాది" అనేవాడు.

ఆయనకొక ప్రశ్న ఉండేది. ఎవరు ఏ జబ్బు గురించి చెప్పబోయినా ముందు ఆ ప్రశ్న వేసేవాడు: "చూసినావా, విన్నావా?" విన్నానంటే పోయి చూసి రమ్మనేవాడు. ఒక్క కోళ్ళ విషయంలోనే కాదు. ఫలానా సహోదరుడు తాగుతున్నాడని ఆరాధన అయ్యాక ఎవరైనా చెవిలో వేస్తే, వాళ్ళనూ అదే అడిగేవాడు. అందువల్ల ఆయన పక్కన కూర్చునేవాళ్ళు తక్కువ. కోళ్ళ వాసన వస్తుందని పైకి చెప్పేవాళ్ళు. ఆ వాసన నిజమే. ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా తోముకుని వచ్చినా పోయేది కాదు. సంస్కారం రోజు రొట్టె కోసం చెయ్యి చాచే ముందు అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు.

ఆయన చదివింది ఎస్సెల్సీ. బెంగళూరులో పశువైద్యం చదివే పిల్లల హాస్టల్లో ఆయన బామ్మర్ది వంట చేసేవాడు. పిల్లలు పారేసి పోయిన నోటు పుస్తకాలు, ఇంగ్లీషు పత్రికలు కట్టగట్టి పంపించేవాడు. ఈయన నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివేవాడు, మేము పరిశుద్ధ గ్రంథం చదివినట్లు. ఆ రెండు రకాల పుస్తకాలూ ఒకే తువ్వాలులో చుట్టి ఉండేవి. పెద్దలకు అది నచ్చేది కాదు.

మా స్త్రీల సమాజం పాస్టరుగారి ఇంటి వెనక దొడ్లో వితంతువుల కోసం తెల్లకోళ్ళు పెంచేది. వాటిని ఒక అవ్వ చూసుకునేది. ఒకరోజు కుక్క కరిచి ఒక కోడి చచ్చింది. అవ్వ పారెయ్యబోతుంటే కాంపౌండరన్న ఆపి, గట్టు మీద పరిచి, మెడ పక్కన తోలు చీల్చాడు. నేను అక్కడే ఉన్నాను. దారానికి గుచ్చిన పూసల్లాగా, లేత రంగు ముద్దలు మెడ పొడవునా వరసగా ఉన్నాయి.

"అయివారా, ఇదేందో తెలుసునా? ఇదీ బడే. టీ కణాలు ఈడ సదువుకుంటాయి."

"టీ నీళ్ళా నాయనా?" అంది అవ్వ.

"తాగే టీ కాదవ్వా. ఈ ముద్దకు ఇంగ్లీషులో ఒక పేరుండాది, దాంట్లో మొదటక్షరం."

తర్వాత కత్తికొనతో చూపిస్తూ నాకు చెప్పాడు. తెగులు పురుగు కణం లోపలికి దూరి దాక్కుంటుంది. లోపలికి పోయి వెతకడానికి టీ కణానికి దారి లేదు. అయితే ఒంట్లో ప్రతి కణమూ తన లోపలి ప్రోటీన్లను తుంచి, ఒక్కొక్క తునకను అరచేతిలో పెట్టుకున్నట్లు వాకిట్లో చూపిస్తుంది. టీ కణం వాకిలి వాకిలీ తిరుగుతుంది.

"చెయ్యినీ చూస్తాది, చేతిలో తునకనూ చూస్తాది. రెండూ కలిపి చూస్తేనే దానికి తెలిసేది. చెయ్యి మనదే, తునక మనది కాదు అంటే, ఆ ఇంట్లో దొంగోడు దూరినట్లు. ఇంటితో సహా కొట్టేస్తాది."

"ఒక్క తునకతో పురుగును ఎట్లా పోల్చుకుంటుందన్నా?"

"ఒక్కో కణానికి ఒక్కో తునకే తెలుసు. ఇంకోటి ఎదురుగా పెట్టినా దానికి పట్టదు. అందుకే కోట్ల కణాలుండాయి. ముందొకసారి చూసిన తునకైతే బిరబిరా లేస్తాయి. నా ఫ్లాస్కులో ఉండేది ఆ మొదటి చూపేనప్పా, ఇంకేం లేదు."

"మరి ఈ బడిలో నేర్పేదేమి?"

"మనోళ్ళను కొట్టకుండా ఉండేది. మన తునకనే చూసి పగోడని లేసే కణం ఈ గడప దాటకూడదు. ఆడనే చంపేస్తారు. అట్లాంటిది బయటికొచ్చిందా, ఒళ్ళు తన్ను తానే తింటాది."

"మా బడే నయం. మేము ఫెయిల్ చేస్తాం అంతే."

"మీ బడిలో ఫెయిలైనోళ్ళు సంఘ పెద్దలైతారు గదా, అదీ నయమే" అన్నాడాయన. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ మాటను మా పెద్దయ్య దగ్గర నేను నవ్వుతూనే చెప్పాను. సంఘ పెద్దల్లో ముఖ్యుడు ఆయనే, మా బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన నవ్వలేదు. అది నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత కాంపౌండరన్న దొడ్లోకి వచ్చేసరికి కోళ్ళ నీళ్ళమూకుడులో టీ ఉంది. "సదువుకోనీలే నాయనా, మిగిలిందే పోసినా" అంది అవ్వ. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వి, "పాలు కూడా వేసినావే" అని మూకుడు కడిగి నీళ్ళు పోశాడు. అవ్వను ఒక్క మాట అనలేదు.

ఎనభయ్యో దశకం సగం దాటాక, ఒక చలికాలం, ఆయన దొడ్లో కోళ్ళన్నిటికీ కొక్కెర సూది వేశాడు. పది రోజులు కాకముందే కోళ్ళు నోరు తెరుచుకుని గురక పెట్టడం మొదలుపెట్టాయి. గుడ్లు తగ్గాయి. పెట్టిన గుడ్లకు పెంకు పలచబడి, నీళ్ళలో నానిన వేళ్ళలాగా ముడతలు పడింది. తర్వాత కోళ్ళు చావసాగాయి, ముందు పిల్లలు, ఆ తర్వాత పెట్టలు. కాంపౌండరన్న రోజూ వచ్చి ఒక్కొక్క కోడి రొమ్ముకు చెవి ఆనించి వినేవాడు. ఏనాయ్తు అని అడగడం మానేశాడు. నెల తిరిగేసరికి దొడ్లో నాలుగు కోళ్ళు మిగిలాయి. సూదే చంపిందని ఊళ్ళో మాట పుట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దయ్య ఎవర్నీ లేవొద్దన్నారు. కాంపౌండరన్నను ముందుకు రమ్మన్నారు. ఆయన ఒక ముడతల గుడ్డు చేతిలో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నేను పుస్తకం తెరిచి రాయడానికి కూర్చున్నాను.

"కొక్కెరకని సూది వేసినావు. కొక్కెరతోనే చచ్చినాయి. ఏం చెప్తావు?"

"కొక్కెర కాదు పెద్దయ్యా. కొక్కెరైతే మెడలు తిరుగుతాయి, పచ్చగా పారుకుంటాయి. వీటికి మెడ తిరగలేదు. గుడ్డు చూడండి. కొక్కెర తునక వీటికి నేర్పినాను, అది నేర్చుకున్నాయి. ఇది ఇంకోటి వచ్చింది. దీని ముఖం ఇవి ఎప్పుడూ చూసింది లేదు."

"ఆ ఇంకోదానికి పేరుండాదా, నువ్వు కల్పించిందేనా?"

"పేరుండాది. పెద్ద మిషన్లో చూస్తే చుట్టూరా కిరీటం మాదిరి ఉంటాదంట. కిరీటమని అర్థమొచ్చే పేరే పెట్టినారు."

"కిరీటమా?"

"అవునప్పా. కిరీటం పెట్టుకున్న తెగులు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు లేకపోతే ఏమయ్యేదోనని నేను చాలాసార్లు ఆలోచించాను. పెద్దయ్య ముఖం మారిపోయింది. బయటివాళ్ళకు ఇది అర్థం కాకపోవచ్చు. మాకు కిరీటమంటే రెండే: ప్రభువు నెత్తిన సైనికులు గుచ్చింది ఒకటి, కడదాకా నిలిచిన విశ్వాసికి ప్రభువు దాచి ఉంచింది ఒకటి. ఆ మాటను మేము పాటలో తప్ప మామూలుగా పలకం.

"ఆయన నెత్తిన ముళ్ళు గుచ్చినోళ్ళు కూడా ఇట్లే నవ్వినారు," అన్నారు పెద్దయ్య. "దేవుని మందిరంలో కోళ్ళ పెంటకు కిరీటం పెడతావా?"

"పేరు నేను పెట్టలేదు పెద్దయ్యా. యాడనో చదువుకున్నోళ్ళు పెట్టినారు. గుడ్డు ఒకసారి చూడండి." ఆయన గుడ్డు ముందుకు చాచాడు. పెద్దయ్య చేతులు వెనక్కి కట్టుకున్నారు. "మీరెవురైనా చూసినారా, విన్నారా?" అని ఆయన బెంచీల వైపు తిరిగాడు. అవ్వ తల వంచుకుంది.

సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా ఆయన ప్రభు బల్లలో పాలు పొందకూడదని తీర్మానించారు. చేతులెత్తమన్నారు. అవ్వ కూడా ఎత్తింది. రాసేవాడు చెయ్యి ఎత్తనక్కరలేదు. ఆ రోజు అందుకు నేను సంతోషించాను.

ఆయన మరుసటి రోజే చచ్చిన కోడి గొంతు గొట్టాన్నీ నాలుగు గుడ్లనూ అదే ఫ్లాస్కులో ఐసులో పెట్టుకుని బెంగళూరు ల్యాబుకు పోయి ఇచ్చి వచ్చాడు. రెండు నెలలకు టైపు కొట్టిన ఉత్తరం వచ్చింది. ఇది కొక్కెర కాదు, ఆయన చెప్పిందే. ఆ ఉత్తరం పట్టుకుని పెద్దయ్య ఇంటికి పోతూ నన్నూ రమ్మన్నాడు. పెద్దయ్యకు ఇంగ్లీషు బాగా వచ్చు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మడిచి తిరిగి ఇచ్చారు.

"ఇది కోళ్ళ సంగతి. సంఘం విచారించింది నీ నోటి సంగతి."

తిరిగి వస్తూ దారిలో ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "అబ్బా, నువ్వు ఆ పుస్తకంలో ఏం రాసినావు? కోళ్ళనా, నోరనా?" నలుగురిలో అయివారా అని, ఒంటరిగా ఉంటే అబ్బా అని పిలిచేవాడు. నేను 'తప్పు' అని మాత్రమే రాశాను. ఏ తప్పో రాయలేదు. అదే చెప్పాను. "బాగా రాసినావు" అన్నాడు. అంతకంటే ఘోరంగా నన్ను ఎవరూ తిట్టలేదు.

ఆయన సంఘం మానలేదు. అదే వెనక బెంచీ. నెల మొదటి ఆదివారం, బల్ల మీద తెల్లగుడ్డ తియ్యగానే, ఎవరూ చెప్పకముందే లేచి బయట మెట్ల మీద కూర్చునేవాడు. లోపల మేము రొట్టె విరిచి తింటూ ఉంటే తలుపు సందులోంచి ఆయన వీపు కనబడేది. పాట మొదలైతే బయటినుంచే పాడేవాడు. స్త్రీల సమాజం మళ్ళీ కోళ్ళు తెచ్చింది. వాటికి మళ్ళీ ఆయనే సూది వేశాడు. అవ్వ గుడ్డు చేతిలో పెట్టబోతే, "నాకొద్దవ్వా, విధవలవి" అనేవాడు.

సంఘం ప్రభువు శరీరమని మిషను బడిలో పిల్లలకు నేర్పినవాణ్ణి నేను. ఈరోజుకూ నమ్ముతున్నాను. అందుకే ఆ వీపు చూసినప్పుడల్లా నాకు గొంతులో రొట్టె దిగేది కాదు. దిగేది కాదని చెప్పడమే గానీ, దిగింది. నాలుగేళ్ళు దిగింది.

ఒకసారి ఆయనతో అన్నాను: "ఒక్క మాట అనేస్తే పోతుంది కదన్నా. తప్పైందను."

"రోజూ ప్రభువు ముందు ఒప్పుకుంటాండా అబ్బా. చేసినవే చానా ఉండాయి. చెయ్యనిది కూడా చేర్చి చెప్తే ఆయనకు అబద్ధం చెప్పినట్లు కాదా?"

ఎనభైల చివర ఆయనకు కడుపులో గడ్డ అన్నారు. ధర్మవరంలో ఉన్న చెల్లెలు వచ్చి తీసుకుపోయింది. ఇక లేవడని తెలిశాక పెద్దలు కూడారు. పెద్దయ్య కూడా మెత్తబడ్డారు. "చచ్చేవాణ్ణి రొట్టె లేకుండా పంపితే బాగుండదు" అన్నారు. ఒక కాగితం తయారైంది. సంఘం సహోదరుని తప్పును క్షమించినది, ఆయన అంగీకరించి సంతకం చేసిన పిమ్మట పాస్టరుగారు వెళ్ళి సంస్కారం ఇవ్వవచ్చును. నా చేతిరాతతో రాశాను, సంతకం కూడా చేశాను. మంగళవారం ఆ కాగితం పట్టుకుని నేను ధర్మవరం రైలెక్కాను. నాకు చాలా సంతోషంగా ఉండింది. అది కూడా చెప్పాలి.

చెల్లెలిది మగ్గాల ఇల్లు. వాకిట్లో గుంటమగ్గం ఆడుతూ ఉంది, దాని వెనక గదిలో ఆయన పడుకుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. చేతులు చూశాను. కోళ్ళ వాసన పోయి మందుల వాసన వస్తోంది. కాగితం చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చదివాడు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేంత నిదానంగా.

"దేనికి క్షమించినారబ్బా?"

"అన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు? సంతకం పెడితే రేపే పాస్టరుగారు రొట్టె తెస్తారు."

"రొట్టె కావాల నాకు. అబద్ధమెందుకు, చానా కావాల. నాలుగేండ్లుగా ఆ మెట్ల మీద కూసోని కావాలనే అనుకుంటాండా." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "దేనికి క్షమించినారో ఇందులో లేదు. కోళ్ళకా, కిరీటానికా?"

మగ్గం ఆగింది. చెల్లెలు గడపలోకి వచ్చి నిలబడింది.

"పెట్టెయ్ న్నా," అంది. "ఒక్క గీత గదా. ఇంగ ఎవురితో పంతం నీకు?"

"పంతం కాదమ్మా. నేను సంతకం పెడితే నిజమైపోతాది." కాగితం నాకు తిరిగి ఇచ్చాడు. "అబ్బా, నీ చేతిరాతే గదా ఇది. నీ జేబులో పెన్నుండాది. ఈ ఒక్క మాట కొట్టెయ్. 'తప్పును క్షమించినది' కొట్టేసి 'విషయంలో పొరపడినది' అని రాయి. ఇంకేమీ మార్చొద్దు. పాస్టరును పిలిపించు. ఈడనే సంతకం పెడతా."

పెన్ను జేబులోనే ఉంది. దాన్ని చేత్తో పట్టుకున్నాను కూడా. కానీ అది సంఘం తీర్మానం. పెద్దయ్య సంతకం కూడా దాని మీద ఉంది. కార్యదర్శికి మాట మార్చే అధికారం లేదు. ఇదంతా ఆయనకు చెప్పాను. "ఆదివారం సంఘం ముందు పెడతానన్నా. అందరితో ఒప్పించి తెస్తా."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు.

"ఆదివారం నీకొస్తాది అబ్బా," అన్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "అయివారికి అన్నం పెట్టు. రైలుకు పోవాల" అన్నాడు.

అన్నం తిని వచ్చాను.

శుక్రవారం పొద్దున ఆయన పోయాడు. శనివారం పెనుకొండలో సమాధి చేశాం. పెద్దయ్య ప్రార్థించారు, నమ్మకమైన సహోదరుడు, ప్రభువు నందు నిద్రించాడు అన్నారు. ఆ మాటల్లో నటన లేదు. జీవకిరీటం పొందుతాడని కూడా అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం వచ్చింది. నెల మొదటి ఆదివారం అది. ప్రకటనలు చదవడానికి నేను లేచాను. పుస్తకంలో, పైన ఖాళీలో ఇరికించి రాసిన ఆయన మరణవార్త కింద, 'తీర్మానంలో మాట మార్పు' అని మంగళవారం రైల్లోనే రాసుకున్న వరస ఉంది. మరణవార్త చదివాను. పెద్దయ్య కళ్ళు తుడుచుకుంటున్నారు. పక్కన అవ్వ ఏడుస్తోంది. పోయిన మనిషికి ఇప్పుడు మాట మారినా ఒకటే, ఉన్నవాళ్ళను నొప్పించడమెందుకు అనుకున్నాను. పేజీ తిప్పి, బుధవారం ప్రార్థన కూడిక ఎవరి ఇంట్లోనో చదివి కూర్చున్నాను.

తర్వాత బల్ల మీద గుడ్డ తీశారు. బయట మెట్లు ఖాళీగా ఉన్నాయి. రొట్టె నా దాకా వచ్చింది. తీసుకున్నాను.